కిడ్నీ మార్పిడి తర్వాత మూడేళ్లుగా వాడుతున్న 14 గదుల మాత్రల డబ్బా

ఈ డబ్బాలో నాకు బాగా నచ్చినది ఒకటే. ఉదయం గదుల రంగు వేరు, రాత్రి గదుల రంగు వేరు. గది ఖాళీగా ఉందంటే ఆ పూట టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందు) వేసుకున్నట్టే. "వేసుకున్నానా, లేదా?" అన్న అనుమానంతో రెండోసారి మింగే ప్రమాదం పోయింది. మూడేళ్లుగా దీన్ని వదలనిది ఇందుకే.

ఇదే సుఖం లెవెల్ పరీక్ష (రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష) రోజున ఎదురు తిరుగుతుంది. టాక్రోలిమస్ లెవెల్‌కి రక్తం ఇవ్వాల్సింది రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకి, ఉదయం డోసు వేసుకోకముందు. డబ్బా నేర్పిన అలవాటేమో మూత తియ్యడం, మింగడం. మింగేసి ల్యాబ్‌కి వెళ్తే లెవెల్ ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే వేసుకున్న ఒకటి నుంచి మూడు గంటల్లో మందు రక్తంలో బాగా పెరుగుతుంది. ఆ అంకె నమ్మి డోసు తగ్గిస్తే అసలు లెవెల్ పడిపోయి రిజెక్షన్‌కి, అంటే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించడానికి, దారి తీయొచ్చు. చాలామందిలో కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగేదాకా పైకి ఏమీ తెలియదు కూడా. నాకు ఒకసారి ఇలాగే అయింది. పొరపాటున మింగితే ఆ సంగతి డాక్టరుకి చెప్పి, రక్తం ఇంకో రోజు ఇవ్వడమే మంచిది.

ఇప్పుడు చేస్తున్నది ఇది: ముందు రోజు రాత్రే ఆ ఉదయం గదిలోని టాక్రోలిమస్ తీసి చిన్న కవర్లో వేసి, ఆసుపత్రి ఫైలుకి పిన్ను కొట్టడం. గదిలో "రక్తం ఇచ్చాక" అని రాసిన చీటీ. ఉత్త ఖాళీ గది ఉంటే వేసుకున్నట్టే అనిపిస్తుంది కదా! రాత్రి డోసు ఎన్ని గంటలకు వేసుకున్నదీ ఆ చీటీ మీదే. రక్తం ఇచ్చిన వెంటనే ల్యాబ్ బయటే మాత్ర.

వారానికి సరిపడా ఒకేసారి నింపడం గొప్ప సౌకర్యమని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. రిపోర్టు వచ్చాక 1.5 మిల్లీగ్రాముల డోసు 1 మిల్లీగ్రాము అయితే, నింపిన గదులన్నిటిలోంచీ 0.5 మిల్లీగ్రాముల క్యాప్సూల్ తియ్యాలి. ఒక్క గది మరిచినా తేడానే. అందుకని రిపోర్టు రావాల్సిన వారంలో రెండు రోజులకి మించి నింపడం లేదు. వానాకాలంలో క్యాప్సూల్ తేమ పట్టకుండా, స్ట్రిప్‌ని కత్తెరతో కత్తిరించి రేకుతో సహా వేస్తున్నాను. గడువు తేదీ ఉన్న ముక్క మాత్రం చివరిదాకా ఉంచుకోవాలి.

మూతలు బిగుతు. టాక్రోలిమస్‌తో చేతులు వణికేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నా డోసు కుదురుకుంది. నేను నింపితే మా ఆవిడ మందుల చీటీతో సరిచూస్తుంది, కాబట్టి నాకు బాగానే ఉంది. మార్పిడి జరిగిన తొలి నెలల్లో, డోసు తరచూ మారుతున్నవాళ్లు మాత్రం దీనికన్నా ఒక రోజు డబ్బా తీసుకోవడం మేలనుకుంటాను.