పెరటి కోడికి దెబ్బ తగిలితే: మందుల డబ్బాలో ఏది పనికొస్తుంది, ఏది దండగ

కోళ్ల మందుల షాపుకెళ్లి "మా పెట్టని కుక్క కరిచింది, ఏదైనా మందివ్వండి" అంటే కౌంటరు మీదికొచ్చేది లీటరు డబ్బానో, అరకిలో పౌడరు ప్యాకెట్టో. అవి ఫారాల కోసం, వేల కోళ్లకి ఒకేసారి నీళ్లలో కలిపేందుకు తయారైన సరుకు. పెరట్లో పదో పదిహేనో నాటుకోళ్లు, వనరాజా రకం పెట్టలు పెంచుకునేవాళ్లు గాయానికి రాసే మందు కావాలంటే మనుషుల మెడికల్ షాపులో కొంత, పశువుల మందుల షాపులో కొంత ఏరుకుని సొంతంగా డబ్బా సర్దుకోవాల్సిందే. ఆ డబ్బాలో పెట్టేవాటి గురించే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తే: చవకైన సెలైన్ బాటిల్‌కి మొదటి స్థానం, అందరూ ముందుగా అడిగే యాంటిబయాటిక్ పౌడరుకి చివరి స్థానం.

సెలైన్ (నార్మల్ సెలైన్, 0.9 శాతం, 500 మి.లీ.)

కొనేటప్పుడు బాటిల్ మీద సోడియం క్లోరైడ్ అని మాత్రమే ఉందో లేదో చూడాలి. డెక్స్‌ట్రోజ్ కలిసినది వద్దు, ఆ తీపికి చీమలూ ఈగలూ చేరతాయి. మెత్తటి ప్లాస్టిక్ బాటిల్ మూతకి 18 నంబరు సూది గుచ్చి నొక్కితే సన్నటి ధార వస్తుంది. గాయంలోని మట్టి, ఈకల తుక్కు, కుక్క లాలాజలం కొట్టుకుపోవడానికి ఆ వేగం చాలు. సూది మొన కోడికి తగలకుండా ఒక జానెడు దూరం నుంచి కొట్టాలి. అరచేయంత గాయానికి 200 మి.లీ. దాకా పడుతుంది. పది చుక్కలు చల్లి కడిగామనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. బాటిల్‌ని ముందు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే మంచిది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది. చల్లటి నీళ్లతో కడిగితే దెబ్బ తిన్న పక్షి ఇంకా ముడుచుకుపోతుంది. షాపు దూరమైతే లీటరు నీళ్లు కాచి, తొమ్మిది గ్రాముల ఉప్పు (తలగొట్టిన టీస్పూనున్నర) కలిపి చల్లార్చుకున్నా అదే పని చేస్తుంది.

ఒక్క చోట మాత్రం ఈ ధార పనికిరాదు. కోడికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులుంటాయి, రెక్క మొదటి ఎముక కూడా లోపల డొల్ల, దానికీ గాలి సంచికీ దారి ఉంటుంది. వీపు మీదో పక్కటెముకల దగ్గరో లోతుగా పన్ను దిగిన రంధ్రంలోకి, లేదా రెక్క మొదట్లో ఎముక విరిగి బయటికొచ్చిన చోటికి ధార కొడితే నీళ్లు నేరుగా ఊపిరి దారిలోకి పోతాయి. అలాంటి చోట తడి గాజ్‌తో చుట్టూ తుడవడం వరకే. గాయం పక్కన చర్మం బుడగలా ఉబ్బి, నొక్కితే కరకరమన్నట్టు తగులుతుంటే గాలి సంచి చిరిగిందని లెక్క. అది డాక్టరు పని.

పోవిడోన్ అయోడిన్

మంచి మందే, కానీ షాపులో సరిగ్గా అడగకపోతే తప్పు సీసా చేతికొస్తుంది. కావలసింది ద్రావణం. పక్కనే అదే రంగులో ఉండే సర్జికల్ స్క్రబ్‌లో సబ్బు ఉంటుంది, అది తెరిచి ఉన్న గాయంలోకి పోకూడదు. పుక్కిలించే మందు కూడా అదే పేరుతో వస్తుంది, అదీ వద్దు. ద్రావణాన్ని ఉన్నపళంగా పోసేవాళ్లే ఎక్కువ. 10 శాతం సీసా అయితే ఒక వంతుకి ఇరవై వంతుల సెలైన్, 5 శాతమైతే ఒకటికి పది కలిపి, పాలు పోయని పలచటి టీ రంగుకి తేవాలి. చిక్కగా పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మం కూడా మాడిపోతుంది. మొదటి రెండు రోజులు వాడి, గాయం అడుగు ఎర్రగా, తేమగా, వాసన లేకుండా కనిపించగానే ఆపేసి వట్టి సెలైన్‌తో సరిపెట్టాలి. కోడి గాయం శుభ్రంగా ఉంటే చాలు, దానంతట అదే ఆశ్చర్యపోయేంత బాగా మానుతుంది. వీపు మీద చర్మం సగం లేచిపోయిన పెట్టలు కూడా నెల తిరిగేసరికి గింజలు ఏరుకుంటుంటాయి.

పోవిడోన్ ఆయింట్‌మెంట్ విషయంలో అంత ఉత్సాహం అక్కర్లేదు. జిడ్డు మందు ఏదైనా ఈకలకి అంటుకుంటే అవి అట్టకట్టి, పక్షికి వెచ్చదనం పోతుంది. గాయం మీద కందిగింజంత చాలు, పక్క ఈకలకి తగలనివ్వకూడదు. దీనికన్నా సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము మెరుగు. నీళ్లతో కడిగితే పోతుంది, కమిలిన చోట చర్మం ఎండి పగలకుండా కాపాడుతుంది.

డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇంట్లో ఉన్నాయి కదా అని తీసేవాళ్లకి: గాయం లోపలికి రెండూ వద్దు. నురగ చూస్తే మురికి పోతున్నట్టే ఉంటుంది గానీ, పోయేది బతికున్న కండ.

యాంటిబయాటిక్ పౌడరు

ప్రతి మెడికల్ షాపులో దొరికే చల్లుడు డబ్బా. పైపైన గీరుకుపోయిన చోటికి, గోరు ఊడిన వేలికి పర్వాలేదు. లోతు గాయంలో చల్లితే తేమ పీల్చుకుని ముద్దకట్టి, పైన గట్టి పెచ్చు తయారవుతుంది, కింద చీము మూసుకుపోతుంది. ఇక్కడ కోడికీ మనిషికీ ఉన్న తేడా తెలియాలి. కోడి చీము కారదు. పసుపు పచ్చటి గట్టి ముద్దగా, పనీరు ముక్కలా గడ్డకడుతుంది. దాన్ని తీస్తే తప్ప ఏ మందూ లోపలికి వెళ్లదు. అరికాలి పుండు నెలల తరబడి మానకపోవడానికి కారణం ఇదే. పౌడరు మీద పౌడరు చల్లుతూ పోవడం వల్ల డబ్బా ఖాళీ అవుతుందంతే.

గాయం తగిలిన రెండో మూడో రోజు చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారితే కుళ్లిందని హడలిపోయి పౌడరు కుమ్మరించేవాళ్లు ఉంటారు. కోడి ఒంట్లో కమిలిన రక్తం మనకిలా నీలంగా కాక ఆకుపచ్చగా తిరుగుతుంది. మెత్తగా ఉండి వాసన లేకపోతే అది వట్టి కమిలిన మచ్చే. నల్లబడి, చల్లగా, దుర్వాసనతో ఉంటేనే చర్మం చచ్చిందని అర్థం.

పశువుల హెర్బల్ స్ప్రేలు

ఆవుల గిట్టల పుండ్లకీ కొమ్ము గాయాలకీ అమ్మే వేప, పసుపు, దేవదారు నూనెల స్ప్రేలు కోళ్లకి వాడేవాళ్లు పల్లెల్లో చాలామందే. వీటి అసలు గొప్ప మందుగా కాదు, కాపలాగా. ఆ ఘాటుకి ఈగ వాలదు, చేదుకి పక్క కోళ్లు పొడవవు. వానాకాలంలో ఈ రెండూ చాలా పెద్ద సాయం, ఎందుకంటే ఈగ గుడ్లు పెట్టిన రోజు లోపే పురుగులు పడతాయి.

లోపాలూ ఉన్నాయి. డబ్బా బుస్సుమనగానే కోడి బెదిరి కొట్టుకుంటుంది, ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది. ఆ ఆవిరి ముక్కు దగ్గర పడితే దానికి ఊపిరాడదు. అందుకని కోడికి దూరంగా దూది మీద కొట్టి, ఆ దూదిని గాయం అంచుల వెంట అద్దాలి. కళ్లు, ముక్కు, మలద్వారం దగ్గర అసలు వద్దు. కొనే ముందు లేబుల్ చదవడం మరవకూడదు. గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అనే పురుగుమందు కలిసిన పశువుల క్రీములు పక్షికి విషం. లిగ్నోకెయిన్, బెంజోకెయిన్ లాంటి మొద్దుబార్చే మందు కలిసిన ట్యూబులూ అంతే, పశువుకి లెక్కలోకి రాని మోతాదు కిలోన్నర కోడి గుండెని ఆపేయగలదు.

పురుగులు పడ్డాక మాత్రం ఏ స్ప్రే మీదా ఆధారపడొద్దు. చుట్టూ ఈకలు కత్తిరించి, సెలైన్ ధార కొట్టి, ట్వీజర్‌తో ఒక్కొక్కటీ ఏరాలి. ఆరు గంటలకోసారి మళ్లీ చూడాలి, గుడ్లు మిగిలితే రాత్రికి రాత్రే కొత్తవి తయారు. టర్పెంటైన్ నూనె పోయడం గేదెల దగ్గర నేర్చిన అలవాటు, కోడి పలచటి చర్మం దానికి తట్టుకోదు.

కట్టు సామాన్లు

తెల్లటి అంటుకునే ప్లాస్టర్ తీసేటప్పుడు ఈకలతో పాటు చర్మం కూడా ఊడివస్తుంది. క్లిప్పులతో వచ్చే క్రేప్ బ్యాండేజ్ బరువు, నాలుగడుగులు వేస్తే జారిపోతుంది. కావలసింది కోహెసివ్ బ్యాండేజ్: తనకి తనే అతుక్కుంటుంది, ఈకకి అంటదు. పెంపుడు కుక్కల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. రెండంగుళాల వెడల్పుది కొని, కాలికి వాడేటప్పుడు కత్తెరతో నిలువునా సగం చేసుకోవచ్చు. చుట్ట నుంచి ముందు వదులుగా విప్పుకుని, తర్వాత చుట్టాలి. నేరుగా లాగుతూ చుడితే గంట గడిచాక బిగుసుకుని వేళ్లు వాస్తాయి. కట్టు కట్టాక వేళ్లు చల్లబడ్డాయేమో ముట్టుకుని చూడాలి. రెండు రోజులకి మించి ఒకే కట్టు ఉంచకూడదు, తడిస్తే ఆ క్షణమే మార్చాలి.

ఛాతీ చుట్టూ కట్టడంలో ఇంకా జాగ్రత్త. కోడికి మనలాగా ఊపిరి లాగే డయాఫ్రం లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ ఆడితేనే గాలి లోపలికెళ్తుంది. ఆ ఎముక కదలకుండా బిగిస్తే ఎంత మంచి కట్టయినా ఊపిరి తీసేస్తుంది. పట్టుకునేటప్పుడు తువ్వాలు గట్టిగా చుట్టకూడదన్నది కూడా ఇందుకే. వీపు గాయాలకి కట్టే అక్కర్లేదు, వదిలేసి శుభ్రంగా ఉంచడమే మేలు.

నోటి మందులు

ఇవి సమీక్షకి అందవు, డాక్టరు చీటీకే అందాలి. అయినా కొన్ని సంగతులు చెప్పక తప్పదు. పిల్లి పట్టిన కోడికి గాయం సూది మొనంతే కనిపించినా ఆ రోజే యాంటిబయాటిక్ పడాలి, పిల్లి పంటి క్రిములు రక్తంలోకి చేరితే ఒకటి రెండు రోజుల్లోనే పక్షి పోతుంది. డాక్టరు ఎన్రోఫ్లాక్సాసిన్ 10 శాతం ద్రావణం రాసి, కిలోకి 10 మి.గ్రా. అంటే, కిలోన్నర పెట్టకి పూటకి పడేది 0.15 మి.లీ. మాత్రమే. ఒక మి.లీ. సిరంజి లేకుండా ఆ కొలత రాదు. ఆ మందు క్షారం కాబట్టి నీళ్లతో పలచన చేయకుండా పోస్తే నోరు కాలుతుంది. తాగే నీళ్లలో కలిపి పెట్టడం నమ్మకం లేని పద్ధతి, దెబ్బ తిన్న కోడి ఎన్ని నీళ్లు తాగుతుందో చెప్పలేం. పాత కోళ్ల పౌడర్లలో కొలిస్టిన్ అనే యాంటిబయాటిక్ ఉందేమో చూసుకోవాలి, కోళ్లకీ పశువులకీ దాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది.

నొప్పికి ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్ర ముక్క వేయొద్దు. పశువులకి వాడిన ఆ మందే రాబందుల్ని తుడిచిపెట్టింది, 2006లో పశువైద్యంలో నిషేధం పడింది, కోడి మూత్రపిండాలకీ అది పడదు. మెలాక్సికామ్ అయితే డాక్టర్లు కోళ్లకి రాస్తారు. ఏది వాడినా గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో అప్పుడే అడిగి రాసిపెట్టుకోవాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్టు మాత్రం డబ్బాలో తప్పనిసరి. కిలోన్నర కోడి ఒంట్లో మొత్తం రక్తమే 100 నుంచి 120 మి.లీ., కాబట్టి పోయింది కొంచెమే కదా అనుకోవడానికి లేదు. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్లలోనే కలిపి, గిన్నెలో పెట్టి ముక్కు కొన తడపాలి. నోరు తెరిచి పోస్తే, నాలుక మొదట్లోనే ఉన్న గాలి రంధ్రంలోకి దిగుతుంది.

డాక్టరు, 1962

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ ఉంది. లేవలేని గేదెకి అది వరం. కోడికైతే బండి కోసం ఎదురుచూడటం కన్నా, గాలి ఆడే అట్టపెట్టెలో పాత చీర ముక్క పరిచి మండల పశువైద్యశాలకి తీసుకెళ్లడం త్వరగా తెమిలే పని. వెళ్లేముందు సంచిలో పెట్టి కాటా మీద బరువు చూసుకుంటే మోతాదు అక్కడికక్కడే తేలుతుంది. మెడ కింద మేత సంచి చిరిగి తాగిన నీళ్లు బయటికి కారుతున్నా, ఎముక బయటికొచ్చినా, నోరు తెరిచి తోక ఊపుతూ ఊపిరి తీస్తున్నా ఇంటి డబ్బాతో కాలయాపన వద్దు. తెగిన గాయానికి కుట్టు పడాలంటే తొలి ఆరేడు గంటల్లోనే. కాటు గాయాన్ని కొన్నిసార్లు డాక్టర్లు కావాలనే కుట్టకుండా వదిలేస్తారు, లోపల క్రిములు మూసుకుపోకూడదని, నిర్లక్ష్యం అనుకోవద్దు.

వేరుగా ఉంచే గంప

డబ్బాలో పట్టదు గానీ మందుల పక్కన దీనికీ మార్కులు వేయాలి. ఎర్రగా కనిపించిన చోటల్లా పొడవడం కోళ్ల నైజం, గాయపడిన పెట్టని మందలో వదిలితే సాయంత్రానికి పేగులు బయటికి రావచ్చు. జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు పూసి ఎరుపు కప్పేయడం పాత చిట్కా, కానీ దాని కింద గాయం ఎలా ఉందో మనకీ కనబడదు. గంప కిందనో మెష్ పంజరంలోనో విడిగా పెట్టడం అన్ని రకాలా నయం. కింద ఊక వద్దు, గాయానికి అంటుకుంటుంది. న్యూస్‌పేపరు మీద కాళ్లు జారతాయి. పాత నూలు గుడ్డ రోజూ మార్చాలి. పూర్తిగా కనుమరుగు చేస్తే తిరిగి కలిపేటప్పుడు మంద కొత్త కోడిలా చూసి తరుముతుంది, కాబట్టి మిగతావాటికి కనిపించేలా మెష్ అవతలే ఉంచాలి. పెచ్చు రాలి కింద చర్మం కనిపించాక, చీకటి పడ్డాక గూట్లో దండెం మీద కూర్చోబెడితే గొడవ తక్కువ.

గాయం చుట్టూ ఈకలు పీకకుండా కత్తిరించమనేది చర్మం చిరగకుండా. పీకిన ఈక కొన్ని వారాల్లో మళ్లీ వస్తుంది, కత్తిరించిన ఈక మాత్రం తర్వాతి ఈకరాల్పు దాకా రాదు. రెక్క ఈకలు కత్తిరించాల్సి వచ్చిన పెట్టకి అప్పటిదాకా దండెం ఒక అడుగు కిందికి దించి పెట్టాలి.