దీవిలో హత్యలా, రైల్లో హత్యా: ముందు ఏది చదవాలి?

వానకు కరెంటు పోయిన రాత్రి హన్మకొండలో మా ఇంట్లో ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ 1939 నాటి నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ చదివాను. దీవిలో పదిమంది. పడవ రాదు. ఒక్కొక్కరే చనిపోతుంటారు. భోజనాల బల్ల మీది పది పింగాణీ బొమ్మలు చావుకొకటి చొప్పున తగ్గిపోతుంటాయి. డిటెక్టివ్ లేడు, ఎవర్ని నమ్మాలో తెలియదు. ఆ టెన్షన్‌లో మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్లాలన్నా కాలు కదల్లేదు.

1934లో వచ్చిన ఆమె మరో నవల ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ వేరు. మంచులో ఇరుక్కున్న రైల్లో డిటెక్టివ్ పాయిరో ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది. భయం తక్కువ, బుర్రకు పని ఎక్కువ. కాజీపేటలో రైలెక్కి చదవడానికి బాగుంటుంది.

మొదటిసారి చదివేవాళ్లకు నేను దీవి నవలే ఇస్తాను. లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన దాటి, దీవి కాటేజీలో రాత్రి ఉండేవాళ్లయితే మాత్రం పగలే పూర్తిచేయండి.