నవలల కంటే స్వీయచరిత్రలే మిన్న: ఏలూరు రోడ్డులో కొన్న కొన్ని పుస్తకాలపై అభిప్రాయాలు

పుస్తకంలోని మనుషులు దేనితో బతుకుతున్నారో, వాళ్ల చేతికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతోందో రచయితకు తెలిసి ఉంటే ఆ పుస్తకాన్ని నేను చివరిదాకా చదువుతాను. అది తెలియని రచయిత ఎంత గొప్ప ఆలోచన చెప్పినా నాకు నడుమలోనే ఆసక్తి పోతుంది. విజయవాడ ఏలూరు రోడ్డు దుకాణాల్లోనూ, జనవరి పుస్తక మహోత్సవంలోనూ, లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల వాళ్ల దగ్గరా కొని చదివిన కొన్ని పుస్తకాలను ఈ దృష్టితోనే చూశాను. పేరుమోసిన నవలలు కొన్ని ఇందులో తక్కువ తూగాయి. యాత్రాచరిత్రలు, స్వీయచరిత్రలు మాత్రం నేను అనుకున్న దానికంటే బరువుగా నిలబడ్డాయి.

వాటిలో మొదట చెప్పవలసింది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా (మాటలు అనువదించి చెప్పే ఉద్యోగిగా) పనిచేసిన ఈయన 1830లో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు తిరిగివచ్చారు. దారి పొడుగునా రాసుకున్న దినచర్య 1838లో అచ్చయింది. ప్రతి మజిలీ దగ్గరా ఆయన చూసేవి దాదాపు అవే: ఊరు ఎన్ని ఆమడల దూరం, నీళ్లు మంచివా కావా, అంగళ్లలో ఏ సరుకు దొరుకుతుంది, దిగడానికి సత్రం ఉందా, గుడారం వేసుకోవాలా, బోయీలు ముందుకు నడవగలరా. పుణ్యక్షేత్రం గురించి రాస్తూనే అక్కడి పండాలకు ఎంత ముట్టజెప్పాలో కూడా రాసే మనిషి ఆయన. భక్తి ఎక్కడా తగ్గదు, లెక్క ఎక్కడా తప్పదు. వ్యావహారిక భాషా వాదం పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే రాసినా, వాడుక మాటకు దగ్గరగా ఉన్న ఈ వచనం తరువాతి కాలపు గ్రాంథిక నవలల కంటే హాయిగా సాగుతుంది. మధ్యలో వచ్చే వేదాంత చర్చలు మాత్రం దీర్ఘంగా ఉంటాయి, కుంఫిణీ దొరల పట్ల ఆయన వినయం నేటి పాఠకుడికి కాస్త ఇబ్బంది కలిగిస్తుంది. బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో 1941లో వచ్చిన కూర్పు ఈ పుస్తకాన్ని మళ్లీ జనంలోకి తెచ్చింది. ఒక్క బిగిన చదవకుండా, రోజుకు నాలుగైదు మజిలీల చొప్పున చదువుకుంటే దీని రుచి తెలుస్తుంది.

గుంటూరు వాళ్లకు సొంత పుస్తకం లాంటిది మాలపల్లి. శారదా నికేతనాన్ని స్థాపించిన బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ దీన్ని జైలులో రాశారు, ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. ఈ చరిత్ర పుస్తకానికి ఎంత గౌరవం తెచ్చిందో అంత అన్యాయమూ చేసింది; చాలామంది దీన్ని మెచ్చుకుంటారు గాని చదవరు. చదివితే మొదట పట్టుకునేది కూలి తగాదా. చౌదరయ్య ఇంటి లెక్కలు, పాలేళ్ల పరిస్థితి, సంగదాసు మాటకు మాలపల్లిలో ఉన్న విలువ, అతడి చావు తరువాత వెంకటదాసు తక్కెళ్ల జగ్గడనే బందిపోటుగా మారడం, ఇవన్నీ ఈ ప్రాంతపు నోటిమాటలో ఎంతో బలంగా వచ్చాయి. జైలు లోపలి వ్యవహారాలు చూసి రాసినవని ప్రతి పేజీ చెబుతుంది. అయితే రచయిత పాత్రలను పక్కన కూర్చోబెట్టి తానే మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు కథ ఆగిపోతుంది. ఆదర్శ సమాజం గురించిన ప్రసంగాలను నేను వేగంగా తిప్పేశాను, దానికి విచారించడం లేదు.

వేయిపడగలు గురించి విజయవాడలో కూర్చుని మాట్లాడటం కొంచెం కష్టమే, ఎందుకంటే ఇక్కడ విశ్వనాథ సత్యనారాయణ శిష్యులు, శిష్యుల శిష్యులు వీధికొకరు ఉంటారు. అయినా నా మాట చెబుతాను. సుబ్బన్నపేట ఎలా బతికిందో, దేవాలయం చుట్టూ ఎవరి వృత్తి ఎలా అల్లుకుని ఉందో, అది ఎలా విడిపోయిందో చూపిన తీరుకు సాటి వచ్చే తెలుగు నవల నేను చదవలేదు. గిరిక నాట్యానికి సంబంధించిన భాగాలు, ధర్మారావు ఉద్యోగం లేక సంసారం ఈడ్చే భాగాలు మళ్లీ మళ్లీ చదివాను. ధర్మారావు నోట రచయిత వాదించే చోట్ల మాత్రం ఎదుటివాడు ఓడిపోవడానికే నోరు తెరుస్తాడు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో దీనితో బహుమతిని పంచుకున్న అడివి బాపిరాజు నారాయణరావు చాలా తేలిక పుస్తకం. జమీందారీ వైభవం, సంగీతం, అందం అన్నీ ఉన్నాయి, కాని ఎవరికీ ఏ లోటూ గట్టిగా తగలదు.

‘చివరకు మిగిలేది’ నవల అభిమానులు నన్ను క్షమించాలి. బుచ్చిబాబు వచనం సొగసైనదే. అయితే అందులోని దయానిధి వైద్యుడై ఉండి, రోగుల కంటే తన మనసునే ఎక్కువసార్లు పరీక్షించుకుంటాడు.

నా దృష్టిలో నవలల కంటే చిన్న కథకే ఈ లెక్క బాగా కుదిరింది. చాసో (చాగంటి సోమయాజులు) కథల్లో రెండు చెబితే చాలు. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన కుర్రవాడు తండ్రికి చుట్టలు తేవడానికి వెళుతూ బడి దగ్గర ఆగిపోతాడు. ఆ పిల్లవాడి బాధను రచయిత వర్ణించడు, తండ్రిని దుర్మార్గుణ్ణీ చేయడు. చుట్టలకు చాలి చదువుకు చాలని చిల్లర ఎలాంటిదో చూపి ఊరుకుంటాడు. వాయులీనం కథలో జబ్బుపడిన భార్య వైద్యం కోసం భర్త ఆమె వాయులీనాన్నే అమ్మి, మిగిలిన డబ్బుతో ఆమెకు చీర తెస్తాడు. ఆ చీర తేవడం ప్రేమా, అన్యాయమా అని మా ఇంట్లోనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. రావిశాస్త్రి అల్పజీవి కూడా ఇదే దారిలోది: చిన్న గుమాస్తా సుబ్బయ్య కంట్రాక్టరు దగ్గర తీసుకున్న సొమ్ము చుట్టూ అతని భయాలన్నీ తిరుగుతాయి. చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే పాత్ర మనసులో మెదిలే ఆలోచనలను మెదిలినట్టే పెట్టే పద్ధతిలో, రాసిన నవల అని విమర్శకులు చెప్పే మాటకు జంకకుండా చదవవచ్చు, పెద్దగా కష్టపెట్టదు.

స్వీయచరిత్రల్లో కొండపల్లి కోటేశ్వరమ్మ నిర్జన వారధిని అన్నిటికంటే పైన పెడతాను. కృష్ణాజిల్లా పామర్రులో పుట్టి, ఊహ తెలియని వయసులో పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం, తరువాత కొండపల్లి సీతారామయ్యతో వివాహం, కమ్యూనిస్టు ఉద్యమంలో అజ్ఞాతవాసం, భర్త దూరమవడం, నడివయసులో మళ్లీ చదువు, కాకినాడలో హాస్టలు మేట్రను ఉద్యోగం, కొడుకునూ కూతురునూ పోగొట్టుకోవడం: ఇంత బరువును తొంభై దాటిన వయసులో, 2012లో వచ్చిన ఈ చిన్న పుస్తకంలో ఆమె గొంతు పెంచకుండా చెప్పారు. నాయకుల పేర్లు వచ్చిన చోట ఎక్కువగా ఆగరు, ఎవరి ఇంట్లో తలదాచుకున్నారో, ఎవరు అన్నం పెట్టారో మాత్రం మరచిపోరు. నాకున్న ఒక్క ఫిర్యాదు ఏమిటంటే, కొన్ని సంఘటనలు మరీ క్లుప్తంగా ముగుస్తాయి. ఉద్యమ చరిత్ర ముందే తెలియని పాఠకుడు ఎవరు ఎవరో పోల్చుకోలేక తడబడతాడు. తరువాతి ముద్రణల్లో కాలక్రమపట్టిక ఒకటి చేర్చితే బాగుంటుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ ఇందుకు పూర్తిగా భిన్నం. వేదం, సంస్కృతం తప్ప తెలుగుకు విలువలేని ఇంట్లో పుట్టిన పిల్లవాడు తెలుగు రచయిత కావడం దీని కథ. తిండి, వంట, ప్రయాణం, గురువుల ఇళ్లు, ఏది చెప్పినా తీరిగ్గా, రుచిగా చెబుతారు. తన గొప్ప కూడా అంతే తీరిగ్గా చెప్పుకుంటారు.

అనువాదాల్లో సహవాసి చేతి మీదుగా వచ్చిన ఏడు తరాలు ఒక్కటి చాలు. అలెక్స్ హేలీ మూలాన్ని బాగా కుదించినా, అందులోని కథానాయకుడు కుంటా కింటే తెలుగులోనే పుట్టాడా అనిపించేంత సాఫీగా ఉంటుంది. ఇప్పుడు బారులు తీరి అమ్ముడయ్యే వ్యక్తిత్వ వికాస అనువాదాల్లో చాలావాటికి ఈ శ్రద్ధ లేదు. ఒక్కో వాక్యం రెండుసార్లు చదివినా కర్త ఎవరో అంతుపట్టదు.

కొనేవారికి ఒక మాట. పాత నవలల కొత్త ముద్రణల్లో అచ్చుతప్పులతో పాటు బైండింగు పొరపాట్లూ ఉంటున్నాయి. నేను కొన్న ఒక ప్రతిలో పదహారు పేజీల ఫారం రెండుసార్లు కుట్టి, తరువాతిది పూర్తిగా వదిలేశారు. దుకాణం వారు మారుమాట్లాడకుండా ప్రతి మార్చి ఇచ్చారు గాని, మహోత్సవంలో కొంటే స్టాళ్లు ఎత్తేశాక అడగడానికి ఎవరూ ఉండరు. కాబట్టి బిల్లు వేయించే ముందే పేజీల వరుస ఒకసారి తిప్పి చూసుకోండి, బరువైన నవలల విషయంలో ఇది మరీ అవసరం.