టగూచీనా, రెస్పాన్స్ సర్ఫేసా, న్యూరల్ నెట్‌వర్కా? ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌కు ఏది మేలు?

ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌లో లోహం కరగదు. తిరిగే టూల్‌కున్న వెడల్పాటి భాగం (షోల్డర్) రాపిడికి అది మెత్తబడుతుంది, టూల్ కొసనున్న పిన్ దాన్ని కలియతిప్పుతుంది, అతుకు పడుతుంది. 1991లో ఇంగ్లండ్‌లోని ద వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఈ పద్ధతిలో మనం మార్చగలిగేవి కొన్నే: ఆర్‌పీఎం (నిమిషానికి టూల్ తిరిగే చుట్లు), ఫీడ్ (అతుకు వెంట టూల్ ముందుకు సాగే వేగం), కిందికి నొక్కే బలం, టూల్‌ను వంచే టిల్ట్ కోణం, టూల్ ఆకారం, కొలతలు. చిక్కల్లా వీటిలో ఏదీ ఒంటరిగా పనిచెయ్యకపోవడమే. ఆర్‌పీఎం పెంచితే వేడి పెరుగుతుంది, ఫీడ్ పెంచితే తగ్గుతుంది. 1000 ఆర్‌పీఎం మంచిదేనా అంటే, ఏ ఫీడ్ దగ్గర అని ఎదురు అడగాల్సిందే. ఏ ఆప్టిమైజేషన్ పద్ధతినైనా నేను ముందు చూసేది ఈ జోడీని పట్టుకోగలదా లేదా అనే.

టగూచీ పద్ధతి అంటే కొద్ది ప్రయోగాలతో ముగించేలా ముందే కూర్చిన పట్టికలు వాడటం. దానికి ఇక్కడే గండి పడుతుంది. నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడు స్థాయిలు అనుకుంటే మొత్తం 81 అతుకులు. ఎల్9 పట్టిక 9తో ముగిస్తుంది. చవకే. కానీ ఎల్9లో మొదటి రెండు నిలువు వరసల పరస్పర ప్రభావం మూడో, నాలుగో వరసల్లో కలిసిపోతుంది. మొదటి రెంటిలో ఆర్‌పీఎం, ఫీడ్, మూడోదాంట్లో టిల్ట్ పెట్టామనుకోండి. చివర్లో అనోవా (ఫలితాల్లోని తేడాలో ఏ అంశం వాటా ఎంతో పంచే లెక్క) టిల్ట్‌కు పెద్ద శాతం కట్టబెడితే, అది టిల్ట్‌దా, ఆర్‌పీఎం-ఫీడ్ జోడీదా? ఆ 9 అంకెల్లోంచి తేల్చే దారి లేదు. పైగా నాలుగు వరసలూ నింపేసి, ఏ అతుకూ రెండోసారి వెయ్యకపోతే, ఎర్రర్ లెక్కకు ఒక్క డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ కూడా మిగలదు, అంటే యాదృచ్ఛికంగా వచ్చే తేడా ఎంతో కొలిచే వీలే ఉండదు. అయినా ఆ శాతాల్ని దశాంశాలతో సహా అచ్చేసే పేపర్లకు కొదవ లేదు! ఏ అంశాన్ని పక్కన పెట్టొచ్చో స్థూలంగా చూసుకోవడం వరకే టగూచీ.

రెస్పాన్స్ సర్ఫేస్ పద్ధతి ఫలితాలకు ఒక ద్విఘాత సమీకరణాన్ని అమరుస్తుంది; ఆర్‌పీఎం-ఫీడ్ జోడీకి ఆ సమీకరణంలోనే ఒక పదం ఉంటుంది. మూడు అంశాలకు సెంట్రల్ కాంపోజిట్ డిజైన్ (పరిధి మూలల్లో, మధ్యలో, అక్షాల మీద బిందువులు పెట్టే ప్రయోగాల పట్టిక) అంటే మామూలుగా 20 అతుకులు. ఒక ఇబ్బందుంది. రొటేటబుల్ డిజైన్‌లో (మధ్య నుంచి ఎటు చూసినా ఒకే కచ్చితత్వం ఇచ్చేది) అక్షాల బిందువుల్ని మధ్య విలువకు అడుగుకు 1.682 రెట్ల దూరంలో పెట్టాలి. మధ్య విలువ 1000, అడుగు 300 అయితే 495, 1505 ఆర్‌పీఎం కావాలి. గేర్లు మార్చి నడిపే మిల్లింగ్ మెషీన్‌లో ఆ వేగాలెక్కడివి? అలాంటప్పుడు ఆ బిందువుల్ని పరిధి అంచుల దగ్గరే ఆపే ఫేస్-సెంటర్డ్ డిజైనే దిక్కు. అంతకంటే పెద్ద లోపం: వేడి చాలక లోపల టన్నెల్ (అతుకు పొడవునా సాగే బోలు) పడితే అతుకు బలం ఒక్కసారిగా కూలుతుంది. ద్విఘాత సమీకరణం ఆ కొండచరియను నున్నటి వాలుగా గీసి, గరిష్ఠాన్ని పక్కకు జరిపేస్తుంది. కాబట్టి టన్నెల్ పడని పరిధిని ముందే వెతుక్కోవాలి.

న్యూరల్ నెట్‌వర్క్ వంపులన్నీ పట్టుకుంటుంది, డేటా ఉంటే. మూడు ఇన్‌పుట్‌లు, పది హిడెన్ న్యూరాన్లు, ఒక అవుట్‌పుట్: డేటా నుంచి తేల్చాల్సిన అంకెలు (వెయిట్లు, బయాస్‌లు) కలిపి 51. చేతిలో ఉన్నవి 20 ప్లేట్లు. ఆర్-స్క్వేర్ (మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.99 రాక ఏమవుతుంది? వందల అతుకుల టార్క్, బలం రికార్డులు దాచుకున్న చోట అయితే నా మాట వేరుగా ఉంటుంది.

అతుకును చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్‌లో వేడిని లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ మోడల్‌ది వేరే పని. షోల్డర్ నుంచి పుట్టే వేడి దాదాపు దాని వ్యాసార్థం ఘనంతో పెరుగుతుందని, వేడి ఎటు పోతుందని అది చూపిస్తుంది. 6061-టి6 అనే అల్యూమినియం మిశ్రమలోహంలో సాధారణంగా అతుకు తెగేది పక్కనున్న మెత్తబడిన భాగంలో. అక్కడ లోహానికి బలాన్నిచ్చే సన్నటి అవక్షేపాలు ముతకబారతాయి. ఆ కారణం అర్థం కావాలంటే ఉష్ణోగ్రత చరిత్ర కావాలి. కానీ ఘర్షణ గుణకం, అతుకు కిందుండే బ్యాకింగ్ ప్లేట్‌లోకి పోయే వేడి తరచుగా థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సాధనం) రీడింగ్‌కు సరిపోయేలా సర్దుకున్నవే. బలం ఎంతొస్తుందని దాన్ని అడగడం అన్యాయం.

నా ఓటు రెస్పాన్స్ సర్ఫేస్‌కే, ఒక షరతుతో. ముందు కొన్ని ట్రయల్ అతుకులు వేసి, అడ్డంగా కోసి, పాలిష్ పట్టి, అడ్వాన్సింగ్ సైడ్‌లో (టూల్ తిరిగే దిశ, సాగే దిశ ఒకటయ్యే వైపు) రంధ్రం ఉందేమో చూడాలి. అది లేని పరిధిలోనే ఫేస్-సెంటర్డ్ డిజైన్ నడపాలి. చివర్లో సమీకరణం చెప్పిన సెట్టింగ్‌లో మళ్లీ అతుకులు వెయ్యాలి. సెంటర్ పాయింట్లలో (మధ్య సెట్టింగ్‌లోనే మళ్లీ మళ్లీ వేసిన అతుకుల్లో) కనబడిన చెదురు కంటే తేడా బాగా ఎక్కువొస్తే, ఆ మూలలో సమీకరణాన్ని నమ్మకుండా అక్కడే ఇంకొన్ని ప్లేట్లు ఖర్చు పెట్టాలి.