మిద్దె తోటకు హెచ్‌డీపీఈ గ్రో బ్యాగులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హైదరాబాద్‌లో మా కాలనీలో మిద్దె తోటలు బాగానే ఉన్నాయి. మాఘమాసం రాగానే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ సంచులు, కొనొచ్చా అని. కొనండి, కానీ మందం, వెడల్పు చూసుకుని కొనండి. మిద్దె మీది ఎండకు ఏ సంచి ఆగుతుందో, ఏది ఆగదో ఇన్నేళ్లలో బాగా తెలిసింది.

మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములుందన్నదే ఆ లెక్క. మార్కెట్లో 200 నుంచి 260 దాకా దొరుకుతాయి. నా దగ్గర 240 కంటే తక్కువవి ఏవీ రెండో ఎండాకాలం దాటి నిలబడలేదు. ఎండకు మొదట పాడయ్యేది మట్టికి పైన ఖాళీగా ఉండే అంచు, ఆ తర్వాత చేతిపిడి కుట్టు. ఎండలోని యూవీ కిరణాలను తట్టుకునేలా సరిగా తయారు చేయని సంచి అంచును వేళ్లతో నలిపితే తెల్లటి పొడి రాలుతుంది, పోగులు ఊడి మట్టిలో కలుస్తాయి. మనం తినే కూర పండే మట్టిలో ప్లాస్టిక్ పోగులు ఉండటం నాకు అస్సలు సహించదు. అందుకే మట్టిని దాదాపు నిండా నింపి, మిగిలిన అంచును బయటికి రెండు మడతలు వేస్తాను. అప్పటి నుంచి అంచులు చిరగడం బాగా తగ్గింది.

ఒకసారి ఆన్‌లైన్‌లో 260 జీఎస్ఎం అని రాసి పలచటి సంచులు అంటగట్టారు. అప్పటి నుంచి ఖాళీ సంచిని వంటింటి తూకం మీద పెట్టి చూస్తున్నాను. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న సంచికి బట్ట అర చదరపు మీటరు కంటే కొంచెం ఎక్కువే పడుతుంది. నిజంగా 260 అయితే దాదాపు 150 గ్రాములు తూగాలి. 115 గ్రాములే ఉంటే అది 200 రకమే. ఇంకేం ఆలోచించకుండా వాపసు పంపండి.

ఇక సైజు. 12×12 సంచిలో 22 లీటర్ల మట్టి పడుతుంది, 15×15లో 43, 18×18లో 75 లీటర్లు. చూడటానికి తేడా కొన్ని అంగుళాలే, మేలో మాత్రం ఆ తేడా మొక్క ప్రాణం మీదికి వస్తుంది. చిన్న సంచికి పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికే మొక్క వాడిపోతుంది. బెండ, వంగకు 15×15 పెట్టండి. బీర, సొర, కాకర పాదులకు 18×18 తప్పనిసరి. తోటకూర, గోంగూర, బచ్చలికి 24×9 లాంటి వెడల్పాటి సంచులు బాగుంటాయి. పెద్ద సంచులు తడిస్తే చాలా బరువెక్కుతాయి కాబట్టి స్లాబు మధ్యలో పెట్టకండి. గోడల వెంబడి, కింద దూలాలున్న చోట, ఇటుకల మీద ఎత్తి పెట్టండి. నీళ్లు నిలవవు, వేడి స్లాబు సంచి అడుగుకు తగలదు.

ఈ సంచులు నాకు బాగా నచ్చడానికి అసలు కారణం రథసప్తమికి, శివరాత్రికి మధ్య ఉండే మూడు వారాల పని. రథసప్తమి నాటికి చిక్కుడు, శీతాకాలం టమాటా కాపు చివరికొస్తుంది. మొక్కలు పీకేసి సంచిని టార్పాలిన్ మీద బోర్లిస్తే మట్టంతా ఒక్కసారిగా వచ్చేస్తుంది. సిమెంటు కుండీతో ఇది జరిగే పని కాదు. టమాటా వేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే నులిపురుగు ఉన్నట్టే. ఆ మట్టిని మళ్లీ కూరగాయలకు వాడను. మిగతా మట్టిని నాలుగైదు రోజులు ఎండలో ఆరబెట్టి, రెండు పాళ్ల పాత మట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), గుప్పెడు వేపపిండి కలిపి నింపుతాను. కోకోపీట్ కడగకపోతే అందులోని ఉప్పు మొలకలను దెబ్బతీస్తుంది. ఎర్రమట్టి, ఎరువు కలిపి ట్రాలీ ఆటోలో తెప్పించుకుని నాలుగిళ్లవాళ్లం పంచుకుంటాం. విత్తనాలు మార్చుకునేది కూడా ఆ రోజే. హైబ్రిడ్ కాయల నుంచి తీసిన గింజలు మాత్రం ఎవరికీ ఇవ్వం, తర్వాతి కాపు ఒకేలా రాదు. బెండలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క అనామిక మాకు బాగా కుదిరింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ వేళకు బీర, సొర గింజలు మొలిచి ఆకులు వేస్తూ ఉండాలి. ఉగాది దాకా ఆగితే పూత మండుటెండలో పడుతుంది. బాగా వేడెక్కితే ఈ తీగలకు మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి, పందిరి నిండా పువ్వులున్నా పిందె కనపడదు. మా మిద్దె మీదికి తేనెటీగలు అంతగా రావు. బీర పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి కాబట్టి ఆఫీసు నుంచి రాగానే మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దుతాను. అలా అద్దిన పువ్వు కింది పిందె మూడో రోజుకే ముదురాకుపచ్చగా తిరిగి వేలెడు పొడవు సాగడం చూస్తుంటే పడ్డ కష్టమంతా మరిచిపోతాను.

కరివేపాకు, నిమ్మ, మునగ లాంటివి మాత్రం ఈ సంచుల్లో పెట్టొద్దు. నాలుగైదేళ్లకు సంచి అడుగు చివికిపోతుంది, అప్పటికి ఎదిగిన చెట్టును వేళ్లు తెగకుండా వేరే దాంట్లోకి మార్చడం చాలా కష్టం. మట్టితో ఉన్న సంచిని చేతిపిడి పట్టుకుని లేపితే కుట్లు ఊడిపోతాయి. అలాంటి చెట్లకు పాత నీళ్ల డ్రమ్మును సగానికి కోయించి, అడుగున రంధ్రాలు పెట్టించి వాడండి.