ఉద్దానం వైపు ఒక డయాలసిస్ యూనిట్: నీళ్లకు ఫుల్ మార్కులు, తూకానికి కోత

పలాస, సోంపేట మధ్య నడుస్తున్న చిన్న యూనిట్ ఇది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీద చేస్తారు కాబట్టి బిల్లు గొడవ లేదు. ఏసీ, టీవీల సంగతి వదిలేద్దాం, పేషెంటు ఆయుష్షుకు వాటితో పని లేదు.

ముందు నీళ్లు. నిమిషానికి 500 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో ఆ నీళ్లతో చేసిన 120 లీటర్ల ద్రవం రక్తం పక్క నుంచి పారుతుంది, మధ్యలో ఉండేది పలచటి పొర ఒక్కటే. నీళ్లలోని క్లోరిన్‌ను ఆపే కార్బన్ ట్యాంకు దాటి అది వచ్చిందంటే ఎర్రకణాలు పగిలిపోతాయి. ఇక్కడ ప్రతి షిఫ్టుకీ ముందు పరీక్ష చేసి, లీటరుకు 0.1 మి.గ్రా. దాటలేదని చూశాకే మిషన్ ఆన్ చేస్తారు. రిజిస్టరు గోడకే వేలాడుతుంది, ఎవరైనా తిప్పి చూడొచ్చు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు గది వేరు, మిషన్ వేరు. ఈ రెండింట్లో వంక పెట్టడానికి లేదు.

తూకం దగ్గరే మార్కులు పోయాయి. ఒంట్లో చేరిన నీరు ఎంత తీయాలో పెరిగిన బరువును బట్టే లెక్కేస్తారు. చెప్పులతో, చేతిలో క్యారేజీ సంచితో ఎక్కినా కాటా చూసి రాసేసుకుంటున్నారు. అరకిలో ఎక్కువ రాస్తే ఒంట్లోంచి అరలీటరు ఎక్కువ లాగినట్టే. గంటకు, కిలో బరువుకు 13 మి.లీ. మించకూడదన్న లెక్కన 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.6 లీటర్లే తీయాలి. రెండు రోజుల గ్యాపు తర్వాత మూడున్నర కిలోలు పెరిగి వచ్చినవాళ్లకూ ఇక్కడ అదే నాలుగు గంటలు. మూడో గంట దాటేసరికి ఆవలింతలు, చెమటలు, పిక్కలు పట్టేయడం, బీపీ డౌన్. అలా పడ్డప్పుడల్లా గుండెకు దెబ్బ, పైగా ఫిస్టులాలో (డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనికి నరాన్ని కలిపి కుట్టిన చోటు) రక్తం గడ్డకట్టే ముప్పు. టైము పెంచాలి, లేదా మర్నాడు ఇంకోసారి రమ్మనాలి. బయట రెండో షిఫ్టు వాళ్లు కాసుకుని ఉంటారన్నది నిజమే గానీ, ఆ తొందరకు మూల్యం మంచం మీదున్న మనిషిది.

ఫిస్టులా లేక, మెడ నరంలో పెట్టిన డయాలసిస్ పైపుతో నెలల తరబడి నెట్టుకొస్తున్నవాళ్లు కూడా ఎక్కువే. ఫిస్టులాతో పోలిస్తే పైపుకు రక్తంలో ఇన్ఫెక్షన్ ముప్పు చాలా ఎక్కువ. డయాలసిస్ మొదలైన కాసేపటికే చలి, వణుకు పుడితే మలేరియా కంటే ముందు పైపునే అనుమానించాలి, యాంటీబయాటిక్ ఎక్కించేలోపే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) రక్తం తీయాలి. అది మాత్రం ఇక్కడ తప్పకుండా చేస్తున్నారు. ఫిస్టులా ఆపరేషన్‌కు రాసి పంపడమే ఆలస్యం. కుట్టాక నరం లావెక్కడానికి ఆరు వారాలైనా పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ, ఒక్కోసారి అసలు ఎక్కదు. కొందరికి పనికొచ్చే నరమే దొరకదు. నీరసమని ఊళ్లో ఎడమ చేతికి ఎక్కించుకున్న సెలైన్ల పుణ్యం అది. క్రియాటినిన్ పెరుగుతోందని, అంటే కిడ్నీ దెబ్బతింటోందని తెలిసిన రోజు నుంచే ఆ చేతికి సూది, బీపీ పట్టీ మానేయాలని ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు.

టెక్నీషియన్ల పనితనం బాగుంది. కొత్త ఫిస్టులాకు సన్నటి 17 గేజి సూది వాడతారు, పొడిచినచోటే పొడవరు. సూది తీశాక పది నిమిషాలు రెండు వేళ్లతో అదిమి పెట్టి, నరంలో పిల్లి గుర్రుమన్నట్టుండే అదురు ఆగలేదని చూస్తారు. అదురు ఆగితే అదే రోజు సర్జన్ దగ్గరకు పంపిస్తారు.

గోడ మీద, పొటాషియం ఎక్కువని పేషెంట్లు తినకూడని వాటి చార్టులో కివీ ఉంది, అవకాడో ఉంది. కొబ్బరి బోండం లేదు, జీడిపప్పు లేదు. కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో!