అల్లూరి వేషానికి బెల్టు, అమ్ములపొది: ఆన్‌లైన్‌లో కొని బుద్ధొచ్చాక చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికెళ్ళా

మా అపార్ట్‌మెంట్లో ఆగస్టు 15కి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి నాటిక వేసాం, అల్లూరి వేషం నాకిచ్చారు, గడ్డం ఉంది కదా అని, అంతకుమించి కారణమేం లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి అని మూడు స్టేషన్లూ స్క్రిప్టులో పెట్టుకున్నాం గానీ సెక్రటరీ గారు అరగంటే టైమిచ్చారు, తర్వాత పాటల ప్రోగ్రాం ఉందట, సో చింతపల్లితో సరి. కాషాయం పంచ, రుద్రాక్షలు, వెదురు విల్లు అన్నీ ఈజీగానే దొరికాయి. తోలు సామాన్ల దగ్గరే చుక్కలు కనబడ్డాయి. నడుముకి వెడల్పాటి బెల్టు, వీపుకి అమ్ములపొది, దాని పట్టీ, ముంజేతికి కట్టుకునేది. ఇలాంటివి కావాల్సినోళ్ళు నాలాగా డబ్బులు తగలెయ్యకుండా ఉంటారని రాస్తున్నా.

ముందు చేసిన తప్పు చెప్తా. ఒక పెద్ద ఆన్‌లైన్ సైట్లో "వారియర్ సెట్" అని చూసి 1,899కి ఆర్డర్ పెట్టేసా, బెల్టు, పొది, ముంజేతి పట్టీ మూడూ కలిపి, ఫోటోలో అయితే అదిరిపోయింది, కింద జెన్యూన్ లెదర్ అని కూడా ఉంది. పార్సిల్ విప్పగానే కొత్త ఆటో సీటు వాసన. బెల్టు అంచు గోటితో గీరి చూస్తే లోపల గుడ్డ నేత కనబడుతోంది, అంటే ఏంటి, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత, మన రెగ్జిన్ లాంటిదే. అయినా సర్లే స్టేజీ మీద ఎవరు చూస్తారులే అనుకున్నా. రెండో రిహార్సల్‌లో పొదిలో ఏడు బాణాలు పెట్టుకుని గోడ దూకే సీన్ చేస్తుంటే పట్టీకి కొట్టిన రివెట్ ఊడొచ్చేసి పొది వెళ్ళి మా "బాస్టియన్ దొర" (తహసీల్దారు వేషం వేసినాయన) కాళ్ళ దగ్గర పడింది, అందరూ పడీపడీ నవ్వారు, నాకు తప్ప అందరికీ కామెడీనే. రిటర్న్ పెడదామంటే గడువు దాటిపోయిందట, కస్టమర్ కేర్ వాళ్ళు సారీ సార్ అనడం తప్ప ఇంకేం చెయ్యలేదు.

డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకి కూడా వెళ్ళా. అక్కడన్నీ రాజుల వేషాలకి పనికొచ్చేవే, వెల్వెట్ మీద జరీ, చమ్కీ, దుర్యోధనుడికైతే సూపర్ గానీ మన్యంలో తిరిగే మనిషి నడుముకి అది కడితే ఏం బావుంటుంది. పోలీసు వేషాలోళ్ళకి మాత్రం ఈజీగా అయిపోయింది, యూనిఫాం స్టోర్లో ఇత్తడి బకిల్‌తో బ్రౌన్ బెల్టులు ఆరు తెచ్చేసాం, వాటి గురించి చెప్పడానికేం లేదు, బానే ఉన్నాయి.

ఆ టైంలో ఆఫీసు పని మీద చెన్నై వెళ్ళాల్సొచ్చింది, మా బావమరిది అక్కడే ఉంటాడు, పెరియమేట్ తీసుకెళ్ళాడు. సెంట్రల్ స్టేషన్‌కి దగ్గరే, ఎటు చూసినా తోలు షాపులే. ఒక చిన్న షాపులో కూర్చున్నాం, ఓనరు తమిళం కలిపిన తెలుగులో ఓపిగ్గా అన్నీ చూపించాడు. తోలు చదరపు అడుగుల్లెక్కన అమ్ముతారు, చర్మం వెనకాలే ఎన్ని అడుగులో నంబరేసి ఉంటుంది. క్రోమ్ ట్యాన్ అని ఒక రకం, మెత్తగా ఉంటుంది, జాకెట్లకీ బ్యాగులకీ బావుంటుంది, కోసిన అంచు చూస్తే లోపల కాస్త నీలం బూడిద రంగులో కనబడుతుంది. వెజ్ ట్యాన్ అంటే చెట్ల బెరడుతో పదును చేసింది, అడ్డంగా కోస్తే మొత్తం గోధుమ రంగే, గట్టిగా నిలబడుతుంది, తడిపి ఏ షేపు ఇస్తే ఆ షేపులోనే ఆరుతుంది. ఆయన వేలు నీళ్ళల్లో ముంచి రెండిటి మీదా చెరో చుక్క వేసి చూపించాడు, వెజ్ ట్యాన్ మీది చుక్క ఇంకిపోయి నల్లగా మచ్చ కట్టింది, రెండోదాని మీది చుక్క అలా జారిపోయింది. బెల్టుకి వెజ్ ట్యానే తీసుకోమన్నాడు. అయితే చవగ్గా ఉందని నేనొక ముక్క ఎత్తితే మళ్ళీ ఆయనే ఆపాడు, అది పొట్ట భాగం సార్, నెలకే సాగిపోతుంది, వీపు భాగంలో పొడుగ్గా కోసిన పట్టీలున్నాయి అవి తీసుకోండి అని. అమ్ముకునేవాడు ఇలా చెప్పడం నేనైతే ఫస్ట్ టైం చూసా. గేదె తోలు, 3.5 ఎంఎం మందం పట్టీలు రెండు, పొదికి 2 ఎంఎంది ఒక పెద్ద ముక్క, మొత్తం 1,450 అయింది.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొద్దాం. మా కాలనీ రైతుబజార్ గేటు పక్కన గొడుగేసుకుని కూర్చునే పెద్దాయన, ఎప్పుడూ చెప్పులకి మేకులు కొట్టించుకోవడమే గానీ ఇలాంటి పని చేస్తాడని నాకు తెలీదు. ముందు ఆన్‌లైన్ బెల్టు చూపించా, "ఏటి బాబూ ఇది, దీన్ని తోలంటారేటి" అని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కనెట్టేసాడు. తర్వాత చెన్నై తోలు చేతికిస్తే వాసన చూసి, వంచి చూసి, వాళ్ళ నాన్న హయాంలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్ళు పదును చేసేవోరని మొదలెట్టాడు, ఒక అరగంట అదే కబుర్లు, నేను మీటింగ్ ఉందని కూడా మర్చిపోయా.

భీమవరంలో 2022లో పెట్టిన 30 అడుగుల అల్లూరి విగ్రహం ఫోటోలు ఫోన్లో చూపించా. పొదికి లోపల దన్నుగా ఏదైనా ఉండాలన్నాడు, ప్లంబర్ దగ్గర మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క పట్టుకెళ్ళా. తోలు నీళ్ళల్లో తడిపి పైపు చుట్టూ చుట్టి, తాళ్ళతో బిగించి రెండ్రోజులు నీడలో ఆరబెట్టాడు, ఎండలో పెడితే బిరుసెక్కి పగుళ్ళొస్తాయట. కుట్టు మాత్రం చూడాల్సిందే, మైనం రాసిన దారం, ఆరెతో ఒక్కో కన్నం పొడుస్తూ ఒకే కన్నంలోంచి అటొక సూది ఇటొక సూది లాగుతాడు, ఒక వైపు తెగినా రెండో వైపు పట్టుకునే ఉంటుంది. పట్టీ తగిలించే చోట రివెట్లు కొట్టి ఊరుకోకుండా చతురస్రంలా కుట్టి మధ్యలో ఇంటూ మార్కు కుట్టాడు. బాణాలన్నీ పెట్టి ఎన్నిసార్లు దూకానో, కదల్లేదు.

కొలత విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. ప్యాంటు సైజు చెప్పకండి. నాది 36 కదా అని అదే చెప్పా, ఆయన వినకుండా పంచ కట్టుకుని, పైన ఉత్తరీయం బిగించుకుని రమ్మన్నాడు, సిగ్గుపడుతూ అలాగే రైతుబజారుకెళ్ళా (కూరగాయలామె ఏ గుడి పంతులుగారండీ అనడిగింది). టేపు పెడితే 40 వచ్చింది. బకిల్ నుంచి మధ్య కన్నానికి 40 ఉండేలా చూసి, అటు రెండు ఇటు రెండు అంగుళం దూరంలో కన్నాలు వేసాడు.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. బుధవారం ఇస్తానన్నది ఆదివారం ఇచ్చాడు, ఫోన్ లేదు, రోజూ వెళ్ళి నిలబడాల్సిందే. అంచులు షోరూం బెల్టులా నున్నగా ఉండవు, ముంజేతి పట్టీ మీద కుట్టు ఒక చోట వంకర పోయింది, దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. రంగు దగ్గర తప్పు మాత్రం పూర్తిగా నాదే, డార్క్ బ్రౌన్ డై తెచ్చి ఇంట్లో నేనే రెండు కోట్లు వేసి ఆరిందిలే అని కట్టేసుకున్నా, మన విశాఖ ఆగస్టు ఉక్క సంగతి తెలిసిందే కదా, పది నిమిషాల్లో చెమటకి బెల్టు రంగంతా కాషాయం పంచకి దిగింది, మా ఆవిడ ఆ పంచ వైపు చూసి నా వైపు చూసి ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది, అది ఇంకా భయం. మళ్ళీ పెద్దాయనే దిక్కు. పొడి గుడ్డతో రంగు అంటడం ఆగేదాకా రుద్దించి, పైన మైనం పట్టించి, బెల్టు లోపలి వైపు పలచటి నూలు గుడ్డ అతికించాడు. నూనె మాత్రం రాయకు బాబూ, అది కూడా గుడ్డకి అంటుతాది అన్నాడు. షో రోజు కొత్త పంచకి ఒక్క మరక పడలేదు.

కూలి మొత్తానికి 900 అడిగాడు, ఇన్ని రోజుల పనికి అది తక్కువనిపించి 1,200 ఇచ్చా, బకిల్ ఆయన దగ్గరున్న పాత ఇత్తడిదే వేసాడు. అన్నీ కలిపి 2,650, ఆన్‌లైన్ సెట్టు కంటే ఏడొందల యాభై ఎక్కువంతే. ఒక్క పూట స్కూల్ ఫంక్షన్‌కి పిల్లాడికి కావాలంటే ఇంత అక్కర్లేదండీ, రెగ్జిన్‌తోనే కానిచ్చెయ్యండి, పదో వరస నుంచి ఎవరికీ తేడా తెలీదు. బరువు మోసే పట్టీ ఒక్కటి మాత్రం అసలు తోలుతో కుట్టించుకోండి. పెద్దాయనకి నేనైతే ఐదుకి నాలుగిస్తా, ఆ ఒక్కటీ ఆదివారానికి కోసేసా.

మిగిలిన తోలు ఆయన దగ్గరే ఉంచేసా, ఎవరైనా కుట్టించుకోవాలంటే వాడమని చెప్పా. పొద్దున్న పది దాటాక వెళ్ళండి, వాన పడితే రాడు.